బ్రష్షులు పంచింది చాలు, తోముకోవడం నేర్పండి

ముందే చెప్పేస్తున్నా, ఈ టపా చదివాక కొందరు మిత్రులకి కోపం రావచ్చు. రానివ్వండి.

డిసెంబర్ 3 దగ్గరపడుతోందంటే చాలు (అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం లెండి), మన ఆఫీసుల్లో ఒక మెయిలు తిరుగుతుంది. శనివారం పొద్దున ఆరింటికి గచ్చిబౌలి నుంచి బస్సు, టీషర్టు ఫ్రీ, రాత్రికల్లా ఇంటి దగ్గర దింపేస్తాం, అందరూ రండి అని. నాకు తెలిసిన బస్సులు చాలావరకు పాలమూరు వైపే వెళ్ళాయి. సేవాభావం సంగతేమో గానీ దూరం మాత్రం భలే కుదురుతుంది. జాతీయ రహదారి 44 ఎక్కి జడ్చర్ల చేరితే అక్కణ్ణించి ఒకవైపు నాగర్‌కర్నూల్, నేరుగా పోతే కొత్తకోట మీదుగా వనపర్తి, ఇంకాస్త ముందుకెళ్తే గద్వాల. ఒక్కరోజులో వెళ్ళి రావచ్చు. అక్కడ ఏదో ఒక ప్రత్యేక బడిలోనో, భవిత కేంద్రంలోనో మానసిక వికలాంగులైన పిల్లలకి కిట్లు పంచుతారు. జిప్పు కవర్లో బ్రష్షు, పేస్టు, సబ్బు, దువ్వెన, తువ్వాలు. పిల్లలంతా కిట్లు పైకెత్తి పట్టుకుంటే ఒక ఫొటో. సోమవారం పొద్దునకల్లా ఆ ఫొటో అన్ని గ్రూపుల్లో ఉంటుంది.

నాకొచ్చిన అలాంటి ఒక ఫొటోలో ఒక పిల్లాడు బ్రష్షుని కుచ్చు వైపు పట్టుకుని, పిడిని కెమెరాకి చూపిస్తున్నాడు. కింద లైకులే లైకులు. ఒక్కరికీ ఆ బ్రష్షు తిరగబడి ఉన్న సంగతి కనపడలేదు.

నా వాదన ఆ ఫొటోలోనే ఉంది. ఆ పిల్లాడికి లేనిది బ్రష్షు కాదు. దాన్ని ఎలా వాడాలో ఓపిగ్గా, రోజూ, నెలల తరబడి నేర్పే మనిషి లేడు. మనం దొరికే వస్తువు ఇచ్చి, దొరకని మనిషి గురించి మాట్లాడకుండా వచ్చేస్తున్నాం.

ఇంతకీ ఏ పిల్లల గురించి? ఇక్కడ మనవాళ్ళకి ఒక తికమక ఉంది. లర్నింగ్ డిసెబిలిటీ అనగానే అందరికీ 2007లో వచ్చిన తారే జమీన్ పర్ గుర్తొస్తుంది. అందులో పిల్లాడికి ఉన్నది డిస్లెక్సియా. చదవడం రాయడంలో చిక్కు. వాడు పళ్ళు శుభ్రంగా తోముకోగలడు. నేను చెప్పేది మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల గురించి. బ్రిటన్‌లో దీన్నే లర్నింగ్ డిసెబిలిటీ అంటారు, గొడవంతా అక్కడ మొదలైంది. మన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రెంటినీ వేరువేరుగానే రాసింది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఈ పిల్లలూ పెద్దలూ కలిపి 15 లక్షల మందికి పైగా లెక్కకొచ్చారు. ఇళ్ళల్లో దాచేసిన వాళ్ళు ఆ లెక్కలో లేరని వేరే చెప్పాలా?

సరే, "పళ్ళు తోముకోవడం కూడా ఒక విద్యేనా, దానికి ఒక టీచరా?" అంటారా? రేపు పొద్దున మీరు తోముకునేటప్పుడు ఒక్కసారి లెక్కపెట్టండి. బోలెడు బ్రష్షుల్లో మీది గుర్తుపట్టి తీశారు. తడిపారు. పేస్టు మూత తిప్పారు. ఒక చేత్తో ట్యూబు, ఇంకో చేత్తో బ్రష్షు పట్టుకుని కావలసినంతే నొక్కారు. మూత మళ్ళీ పెట్టారు. ముందు పళ్ళు, ఎడమ దవడ, కుడి దవడ, పైన లోపలివైపు, కింద లోపలివైపు తోమారు. మింగకుండా ఉమ్మారు. నీళ్ళు పుక్కిలించి మళ్ళీ ఉమ్మారు. బ్రష్షు కడిగారు. మూతి తుడుచుకున్నారు. తీసినచోటే పెట్టారు. 1975లోనే హార్నర్, కీలిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఈ పనిని 15 మెట్లుగా విడగొట్టి, ఈ వైకల్యం ఉన్న కుర్రాళ్ళకి నేర్పి చూపించారు. పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టడం మనకి కొత్తా? రోజూ చేస్తున్నందుకే కదా మనకి జీతాలిస్తోంది! కానీ ఆ బడికి వెళ్ళినప్పుడు మాత్రం ఆ బుర్రని బస్సులోనే వదిలేసి దిగుతాం.

నేర్పే పద్ధతి కూడా మనకి ఇట్టే అర్థమయ్యేదే. మొదట పిల్లాడు ఆ మెట్లలో ఏవి సొంతంగా చేస్తున్నాడో, ఏవి మాటతో చెబితే చేస్తున్నాడో, ఏవి చెయ్యి పట్టుకుంటేనే చేస్తున్నాడో ఒక కాగితం మీద రాసుకుంటారు. తర్వాత ఒక్క మెట్టు ఎంచుకుంటారు. చాలామంది పిల్లలకి చివరి మెట్టుతో మొదలుపెడితే బాగుంటుంది. అంటే మిగతాదంతా అమ్మే చేసి, చివర్న బ్రష్షు కడిగి గ్లాసులో పెట్టడం ఒక్కటే వాడికి వదిలేస్తుంది. పని పూర్తి చేసింది వాడే, మెప్పు కూడా వాడికే. అది కుదిరాక దాని ముందు మెట్టు, అది కుదిరాక దాని ముందుది. మన దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి రోజే మొత్తం ప్రాజెక్టు అప్పజెబుతామా? అన్నీ మనమే చేసి పెట్టి, రిలీజ్ బటన్ వాడిచేత నొక్కిస్తాం. అదే ఇది.

సాయం కూడా మెల్లమెల్లగా తగ్గించాలి. మొదట వాడి చేతి మీద మన చెయ్యి వేసి తోమించడం. తర్వాత మణికట్టు దగ్గర పట్టుకోవడం. తర్వాత మోచేతిని ఊరికే తాకడం. తర్వాత వేలితో చూపించడం. తర్వాత మాట. చివరికి అదీ అక్కర్లేదు. ఈ తగ్గించడం తెలియకపోతే పిల్లాడు జన్మంతా ఎవరో చెయ్యి పట్టుకుంటేనే తోముకుంటాడు. రోజూ అదే వేళకి, అదే చోట, అవే మాటలతో చెప్పాలి. అందరికన్నా కష్టమైన మెట్టు ఉమ్మడం. అది పేస్టు లేకుండా, ఉత్త నీళ్ళతో, ఆటలాగా ముందు నేర్పాలి. పిడికిలి బిగించలేని పిల్లలకి బ్రష్షు పిడి లావుగా ఉండాలి. దానికి అమెజాన్‌లో వెతకనక్కర్లేదు, పాత సైకిలు హ్యాండిల్ గ్రిప్పు తొడిగినా, గుడ్డ చుట్టి దారంతో కట్టినా చాలు. ఇంకా మింగేసే పిల్లలకి పేస్టు ఊరికే బ్రష్షుకి అంటీ అంటనట్టు రాయాలి. మనమిచ్చే కిట్టులో పెద్దల పేస్టు ట్యూబు ఉంటుంది, ఘాటుకి పిల్లాడి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, మర్నాటి నుంచి బ్రష్షు చూస్తేనే పారిపోతాడు. మేలు చేశామా, చెరిచామా?

ఇక మన పుస్తకాల్లో ఉండే పిల్లాడు అద్దం ముందు, వాష్ బేసిన్ దగ్గర నిలబడి తోముకుంటాడు. గద్వాల దగ్గర పల్లెలో వాకిట్లో బకెట్టు, చెంబు ఉంటాయి. అద్దం నాన్న గడ్డం గీసుకునే ఎత్తులో మేకుకి వేలాడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు యాప పుల్లతోనో, బొగ్గుతోనో, నల్ల పళ్ళపొడితోనో తోముకుంటారు. పిల్లాడు చూసి నేర్చుకునేది కూడా అదే. పుల్ల నమిలి కుచ్చు చేసుకోవడం, చిగుళ్ళకి గుచ్చుకోకుండా తిప్పడం చేతి వాటం లేని పిల్లలకి బ్రష్షు కన్నా కష్టం. అలాగని ఇంటికెళ్ళి తాతని వెక్కిరించకూడదు. తాతతో పాటే, అదే వేళకి, అదే గట్టు మీద పిల్లాడిని బ్రష్షుతో కూర్చోబెట్టాలి. ఇది అక్కడ ఉండే టీచరుకి తెలుస్తుంది. వింగ్స్ బిర్యానీ తిని వెళ్ళే మనకి తెలియదు.

మా చిన్నమ్మ వాళ్ళది పెబ్బేరు దగ్గర ఒక ఊరు. వాళ్ళ చిన్నోడికి డౌన్ సిండ్రోమ్. పన్నెండేళ్ళు. వాడికి తోముకోవడం నేర్పింది మా చిన్నమ్మే, ఆ మండలంలో పిల్లల కోసం తిరిగే ఒక మేడమ్ చూపించిన పద్ధతిలో. ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో మూడు వారాలు ఆ మేడమ్ రాలేదు, పై ఊళ్ళకి వెయ్యడానికి మనుషుల్లేక ఆమెనే పంపారట. ఆ మూడు వారాల్లో వాడు మొదటికొచ్చాడు. మళ్ళీ మొదలుపెట్టారు. "ఏంరా, పట్నంల మీకు జీతాలు ఆగితే ఊకుంటరా? ఆమెకు మూడు నెల్ల సంది రాలేదంట, అయినా అస్తుంది" అంది మా చిన్నమ్మ నాతో. ఇప్పుడు వాడు వెనక దవడ సరిగ్గా తోమడు, అది ఆమే చూస్తుంది. మిగతాదంతా వాడే. "నేను పోయినంక గూడ ఆని పండ్లు ఆడే తోముకుంటడు" అని ఆవిడ అన్నప్పుడు నాకు ఈ విషయం పళ్ళ గురించి కాదని అర్థమైంది. ఈ పిల్లల తల్లులందరినీ రాత్రుళ్ళు నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటే, నా తర్వాత వీడికి ఎవరు? సొంతంగా చేసుకోగలిగే ఒక్కో పనీ ఆ ప్రశ్న బరువుని కాస్త తగ్గిస్తుంది.

పళ్ళ సంగతి కూడా చిన్నదేమీ కాదు. ఈ పిల్లల్లో చాలామంది పన్ను నొప్పి అని చెప్పలేరు. తిండి మానేస్తారు, తల గోడకేసి కొట్టుకుంటారు, చెంప మీద కొట్టుకుంటారు. ఇంట్లో వాళ్ళు మొండితనం అనుకుంటారు, రెండు దెబ్బలు కూడా వేస్తారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు ఎక్కువ. ఫిట్స్‌కి ఫెనిటాయిన్ మాత్రలు వాడే పిల్లలకి చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదకి పెరుగుతాయి, తోమకపోతే అది మరీ ముదురుతుంది. ఇక చికిత్సకి వెళ్తే పిల్లాడు నోరు తెరవడు. మనకైతే కుర్చీలో కూర్చోబెట్టి చిన్న సూది వేసి పీకే పన్ను, చాలాసార్లు వీళ్ళకి పూర్తి మత్తు ఇచ్చి పీకాల్సి వస్తుంది. దానికి పెద్దాసుపత్రి, మత్తు డాక్టరు, హైదరాబాద్ ప్రయాణం, కూలీ పోగొట్టుకోవడం. పొద్దున అయిదు నిమిషాల పనికి బదులు ఇదంతా.

ఇంకోటి. మామూలు బడిలో కలిపి చదివించాలని చట్టం చెబుతుంది, బాగానే ఉంది. నోరు వాసన వచ్చే పిల్లాడి పక్కన ఎవరూ కూర్చోరు. కలిపి చదివించడం ఆ బెంచీ దగ్గరే ఆగిపోతుంది.

పోనీ ఈ విద్య మనకి కొత్తా అంటే అదీ కాదు. మానసిక వికలాంగుల జాతీయ సంస్థ, అందరూ ఎన్ఐఎంహెచ్ అనేది, 1984 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. ఇప్పుడు పేరు మార్చి ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి ఒక్కో పనినీ మెట్లు మెట్లుగా ఎలా నేర్పాలో వాళ్ళు 1990లోనే టువర్డ్స్ ఇండిపెండెన్స్ అని వరసగా చిన్న పుస్తకాలు వేశారు. అందులో పళ్ళు తోముకోవడం కూడా ఉంది. ముప్పై అయిదేళ్ళయింది! సికింద్రాబాద్ నుంచి గద్వాలకి బస్సులో అయిదు గంటలు చాలు. ఆ పుస్తకంలో ఉన్నది ఆ వాకిట్లోకి చేరడానికి ముప్పై అయిదేళ్ళు చాలలేదు.

ఎందుకు చేరలేదు? పుస్తకం దానంతట అది నడిచి పోదు కాబట్టి. 2011 లెక్కల్లో ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత సగానికి కాస్త తక్కువే. అక్కడ తల్లికి పుస్తకం ఇస్తే ఏం లాభం? పక్కన కూర్చుని చేసి చూపించాలి. ఆ పని చెయ్యాల్సింది భవిత కేంద్రాల్లో పనిచేసే రిసోర్స్ పర్సన్లు. బడికి రాలేని పిల్లల ఇంటికి వెళ్ళి నేర్పాల్సింది కూడా వాళ్ళే. ఉద్యోగమేమో కాంట్రాక్టు. పిల్లలేమో మండలమంతా. 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే కేసులో ప్రాథమిక బడుల్లో ఇలాంటి పది మంది పిల్లలకి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని చెప్పింది. 2025 మార్చిలో మళ్ళీ అదే కోర్టు, పోస్టులు మంజూరు చేసి ప్రకటించండని రాష్ట్రాలకి గడువు పెట్టాల్సి వచ్చింది. అంటే మధ్యలో మూడేళ్ళకు పైగా ఏం జరిగిందో మీరే ఊహించుకోండి.

పాలమూరుకి ఇంకో చిక్కు, వలస. అమ్మానాన్న పనికి పట్నమో, ముంబయో, పూణేనో పోతే పిల్లాడు అవ్వ దగ్గర ఉంటాడు. అమ్మకి నేర్పిన పద్ధతి అవ్వకి తెలియదు. అమ్మ "ఉమ్ము" అంటే అవ్వ "ఊంచు" అంటుంది. మనకి అది నవ్వులాట, పిల్లాడికి అది కొత్త పాఠం. కాబట్టి నేర్పేవాళ్ళు ఒక ఇంటికి ఒక్కసారి కాదు, ఇంట్లో మనిషి మారినప్పుడల్లా వెళ్ళాలి. దీనికి ఎన్ని గంటలు పడతాయో ఎవరైనా లెక్క కట్టారా?

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు లెక్క కట్టింది ఒకటుంది, సదరం. ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడే మొదలైంది. పరీక్షలు చేసి, వైకల్యం ఇంత శాతం అని సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు. ఇప్పుడు కేంద్రం వాళ్ళ యూడీఐడీ కార్డు. పింఛనుకి, బస్ పాసుకి ఆ శాతం కావాలి, కాదనను. తెలంగాణలో 2023లో ఆ పింఛను 3,016 నుంచి 4,016 రూపాయలు అయింది, అదీ మంచిదే. కానీ చూడండి, పరీక్షలో "సొంతంగా మొహం కడుక్కుంటాడా, బట్టలు వేసుకుంటాడా" అని అన్నీ అడుగుతారు. చివరికి కార్డు మీద మిగిలేది ఒక్క అంకె. పిల్లాడు ఏం చెయ్యలేడో దాన్ని బట్టి తెలుస్తుంది. ఈ ఆరు నెలల్లో ఏం నేర్చుకోగలడో ఎక్కడా ఉండదు. ఆ రెండో దానికి డేటాబేస్‌లో గడే లేదు.

ఇక నాతో మిత్రులు వాదించేవి చూద్దాం.

"ఏమీ చెయ్యకపోవడం కన్నా కిట్ నయం కదా?" కాదు. ఆ బ్రష్షు ఊరి కిరాణా కొట్లో ఇరవై ముప్పై రూపాయలకి దొరుకుతుంది. బస్సుకి, టీషర్టులకి, దారిలో టిఫిన్లకి, ఫ్లెక్సీకి మనం పెట్టిన ఖర్చుతో పోలిస్తే కిట్ల ఖర్చు ఎంత? పైగా పంచేశాం కాబట్టి పని అయిపోయింది అన్న తృప్తి ఒకటి అందరికీ మిగులుతుంది. అసలు నష్టం అదే.

"తల్లి రెండు నిమిషాల్లో తోమేస్తే పోతుంది, ఎందుకీ తిప్పలు?" ఇవ్వాళ పోతుంది. వాడికి ముప్పై, ఆమెకి అరవై వచ్చినప్పుడు? వాడు ఆడపిల్ల అయితే, తోమేవాళ్ళు పరాయివాళ్ళు అయితే? ఒళ్ళు ఎవరు తాకాలి, ఎవరు తాకకూడదు అన్నది కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

"ఒక యాప్ చేద్దాం!" వచ్చింది, నాకు తెలుసు వస్తుందని. వీడియో చూసి నేర్చుకునే పిల్లలు ఉన్నారు, ఆటిజం ఉన్నవాళ్ళలో మరీనూ. కాదనను. కానీ మోచేతిని తాకే చెయ్యి యాప్‌లో లేదు. అవ్వ దగ్గర ఉన్నది మూడు బటన్లు పనిచెయ్యని పాత ఫోను. మనకి వచ్చిన పనిని లోకానికి అవసరమైన పని అనుకోవడం మన జబ్బు.

"బ్యాటరీ బ్రష్షు ఇద్దాం?" కొందరికి బాగా పనికొస్తుంది. కొందరు ఆ వణుకుకి హడలిపోతారు. ఎవరికేదో తేల్చడానికి మళ్ళీ మనిషే కావాలి.

"ఈ నేర్పడం వల్ల నిజంగా లాభం ఉందని రుజువుందా?" ఇది మంచి ప్రశ్న. 2019లో కాక్రేన్ వాళ్ళు ఈ విషయం మీద వచ్చిన 34 అధ్యయనాలు చూసి, ఆధారాలు ఇంకా బలంగా లేవనే తేల్చారు. దాచాల్సిన పనిలేదు. ఏ పద్ధతి ఎంత పనిచేస్తుందో ఒక్కో పిల్లాడి దగ్గర చూసుకుంటూ పోవాలి. మెట్ల కాగితం మీద వారానికోసారి టిక్కు పెట్టడం, ముందుకి కదలకపోతే పద్ధతి మార్చడం. ఇందులో మనం సాయపడొచ్చు. కానీ కిట్టు పంచడం పనిచేస్తుందని రుజువు ఏదీ అని మాత్రం ఇదే మిత్రుడు ఎప్పుడూ అడగలేదు, అదీ విచిత్రం.

మరి ఏం చెయ్యమంటావ్ అంటారా? వింటానంటే చెబుతా. ఏడాదికి పది చోట్లకి వెళ్ళడం మానేసి ఒకే మండలాన్ని మూడేళ్ళు పట్టుకోండి. అక్కడి రిసోర్స్ పర్సన్ని "మీకేం కావాలి?" అని అడిగి, చెప్పింది చెయ్యండి. బహుశా ఇళ్ళకి తిరగడానికి పెట్రోలు అడుగుతారు, తల్లులు కేంద్రానికి రావడానికి ఆటో ఛార్జీలు అడుగుతారు. ఫొటోకి పనికిరాని ఖర్చులే, అవే ఇవ్వండి. మెట్ల బొమ్మలు వేయించి, అక్కడి మాటలతో, "పండ్లు తోముకునుడు" అనే రాసి, ప్రతి ఇంటికీ ఒకటి ఇవ్వండి. వలస పోయేటప్పుడు సంచిలో పెట్టుకుపోతారు, అవ్వ దగ్గర ఇంకోటి ఉంటుంది. మహబూబ్‌నగర్‌లో దంత వైద్య కళాశాల ఉంది, అలాంటి కాలేజీల్లో ప్రజారోగ్య దంత విభాగాలు ఉంటాయి. మూడు నెలలకోసారి వాళ్ళు వచ్చి చూసేలా మాట్లాడండి. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంది, ఆ దరఖాస్తులు నింపిపెట్టండి, అది మనకి బాగా వచ్చిన పని. అన్నిటికన్నా ముఖ్యం, ఈ మూడు జిల్లాల్లో ఎన్ని ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని నిండాయి, వాళ్ళకి జీతం ఏ తేదీన పడుతోంది అని సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల దరఖాస్తు. మన సేవలన్నిట్లోకీ చౌకైనది, అధికారులకి నచ్చనిది.

ఇదంతా ఎక్కువ అనిపిస్తే ఇంట్లో కూర్చోండి, తప్పులేదు. ఆ టీచర్లకి కనీసం ఒక రోజు మిగులుతుంది. మనం వచ్చిన శనివారం వాళ్ళు పిల్లల్ని వరసలో నిలబెట్టి, చప్పట్లు కొట్టించి, మనకి టీలు ఇప్పించడంలోనే పొద్దు గడిపేస్తారు. అదే రోజు ఇద్దరు పిల్లలకి ఉమ్మడం నేర్పొచ్చు.

ఈసారి ఆ మెయిలు వస్తే నేనైతే ఒక్క ప్రశ్న వేస్తూ జవాబు రాస్తా, అందరికీ పోయేలా. "పోయినేడు మనం బ్రష్షులిచ్చిన పిల్లల్లో ఎంతమంది ఇవ్వాళ సొంతంగా తోముకుంటున్నారు?" మీరూ రాయండి. జవాబు వచ్చాక బస్సు మాట్లాడుకుందాం.